శిశుసంరక్షకుల శిక్షణ: నాడును నేడును

బిడ్డలను పెంచుట యొక విద్య యనినచో మన పెద్దలలో పెక్కుమంది నవ్వుదురు. బిడ్డను సాకుట తల్లికి ఒకరు నేర్పవలెనా యని ప్రశ్నింతురు. అవ్వయు, మేనత్తయు, పెద్దమ్మయు ఒక్క కప్పు క్రింద నుండి, పసిబిడ్డకు నలుగురి చేతులు ఆసరాగా నున్న కాలమున ఆ ప్రశ్న సహజమే. కాని తల్లి కూలికో కచేరికో వెళ్ళగా, బిడ్డ పగలెల్ల పరాయి స్త్రీ చేతిలో, మఱి ముప్పదిమంది పిల్లల నడుమ గడపవలసి వచ్చినప్పుడు విషయము మారిపోవును. తన యింటి బిడ్డను సాకుట అనుభవముచే అబ్బును. ముప్పది యిండ్ల బిడ్డలను ఒక్కచోట చేర్చి, వారి ప్రాణమునకును బుద్ధికిని పూచీ వహించుట నేర్చుకొనవలసిన వృత్తి.

ఇంతవరకు నేడు ఎవ్వరును కాదనరు. కాని ఆ వృత్తిని ఒకసారి నేర్చుకొనిన చాలునా, లేక ఏటేట నేర్చుకొనుచునే యుండవలెనా? ఇరువదియేండ్లుగా పసిపిల్లల నడుమ పనిచేయుచున్న యొక స్త్రీని మరల శిక్షణకు రమ్మని పిలుచుట ఆమె యనుభవమును కించపరచుట కాదా? ఈ ప్రశ్నకు సమాధానము ఈ వృత్తి చరిత్రలోనే కలదు. దానిని సంగ్రహముగ మనవి చేయుటయే ఈ ప్రసంగమున మా యుద్దేశము.

ఈ వృత్తికి ఐరోపాలో తొలి యానవాళ్ళు ఫ్రాన్సు దేశపు తూర్పున నున్న వోజ్ కొండలలో కానవచ్చును. అచ్చటి వాల్డర్స్‌బాఖ్ అను కుగ్రామమునకు 1767లో ఓబర్లిన్ అను క్రైస్తవ మతాచార్యుడు వచ్చెను. నేల సారహీనము, జనము నిరుపేదలు. తల్లిదండ్రులు పొలమునకు పోగా పసివారు దిక్కులేక తిరుగుచుండిరి. సారా బాంజే అను గ్రామబాలిక అట్టి పిల్లలను చేరదీసి అల్లికపని నేర్పుచుండెను. ఓబర్లిన్ ఆ పని విలువ నెఱిగి, 1770 ప్రాంతమున ఆమెకు జీతమేర్పరచి, చుట్టుపట్టుల నున్న తక్కిన పల్లెలలో కూడ అట్టి బడులు పెట్టించెను. వానిని నడపిన స్త్రీలకు ‘నడిపించువారు’ అని యర్థము వచ్చు పేరు పెట్టిరి. వారందరును పల్లెపడుచులే. పిల్లలకు చెట్లచేమల పేర్లు చెప్పుటకును, కథలు వినిపించుటకును, మంచి ఫ్రెంచి భాష పలికించుటకును ముందు తాము నేర్చుకొనవలసి వచ్చెను. వారిలో లూయీజ్ షెప్లేర్ అను రైతుబిడ్డ తన జీవితమంతయు ఆ పనికే ధారవోయగా, 1829లో ఫ్రెంచి అకాడమీ ఆమెకు సేవాధర్మమునకై యిచ్చు మోంతియోఁ బహుమతినిచ్చి గౌరవించెను. బోధకురాలే మొదటి విద్యార్థిని యను నియమము ఈ వృత్తితోనే పుట్టినదని దీనివలన తెలియుచున్నది.

ఆ తరువాత పేర్కొనదగిన మహనీయుడు జర్మనీ దేశీయుడైన ఫ్రోబెల్. ఆయన 1837లో బ్లాంకెన్‌బుర్గ్ పట్టణమున పసిపిల్లల కొక సంస్థను స్థాపించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా ‘పిల్లల తోట’ యని నామకరణము చేసెను. తోటయన్నచో తోటమాలి యుండవలెను గదా! ఆ తోటమాలులను తయారుచేయుటకే ఫ్రోబెల్ తన కడపటి సంవత్సరములను వినియోగించెను. 1849 నుండి లీబెన్‌ష్టైన్ పరిసరములలో యువతులకు శిక్షణ నిచ్చెను. ఇంతలో 1851లో ప్రష్యా ప్రభుత్వము ఆయన పాఠశాలలు నాస్తికత్వమును, సామ్యవాదమును వ్యాపింపజేయుచున్నవను అపోహతో వానిని నిషేధించెను. మరుసటి యేడు ఫ్రోబెల్ కన్నుమూసెను. నిషేధము 1860 వరకు తొలగలేదు.

బడులు మూతపడినను విద్య మూతపడలేదు. ఏలన, అది భవనములలో గాక, శిక్షణ పొందిన స్త్రీల చేతులలో నుండెను. ఫ్రోబెల్ ఉపన్యాసములు వినిన మార్గరేట్ షుర్జ్ అను నామె అమెరికాకు వలసపోయి, 1856లో విస్కాన్సిన్ రాష్ట్రమున వాటర్‌టౌన్ అను నూరిలో తన యింటనే ఆ దేశపు మొదటి కిండర్‌గార్టెన్ నెలకొల్పెను. ప్రభుత్వము మూసివేసిన బడిని శిక్షణ సముద్రము దాటించెను.

ఇంగ్లండులో ఈ ఉద్యమమునకు పట్టుకొమ్మలు మెక్‌మిలన్ సోదరీమణులు. రేచెల్, మార్గరెట్ అను ఆ యక్కచెల్లెండ్రు 1914లో లండను నగరపు మురికివాడ యగు డెట్‌ఫర్డ్‌లో ఆరుబయలు శిశుపాఠశాల పెట్టిరి. పిల్లవాని దేహము శుభ్రపడక, కడుపు నిండక, గాలి వెలుతురు సోకక చదువు తలకెక్కదని వారి నిశ్చయము. రేచెల్ 1917లో మరణించెను. పసిపిల్లలను చూచువారికి ఏదో కొద్దిపాటి శిక్షణ చాలునని లోకము తలచుచుండగా, మార్గరెట్ ఆ మాటను ఒప్పుకొనలేదు. మెదడు మిక్కిలి వేగముగ ఎదుగు వయస్సున బిడ్డను అరకొర చదువు గలవారి కప్పగింపరాదని ఆమె వాదము. మూడేండ్ల శిక్షణ కావలెనని పట్టుబట్టి, 1930లో అక్క పేర శిక్షణ కళాశాలను ప్రారంభింపజేసి, మరుసటి యేడే లోకము విడిచెను.

ఇక మన దేశమునకు వత్తము. 1907 జనవరి 6వ తేదీన రోము నగరపు పేదల పేటయైన సాన్ లొరెంజోలో డాక్టరు మేరియా మాంటిసోరి ‘పిల్లల యిల్లు’ను తెరచెను. ఆమె గ్రంథములు గుజరాతున న్యాయవాదిగా నుండిన గిజుభాయి బధేకా చేతిలో పడినవి. ఆయన వకీలు వృత్తిని విడిచి, 1920లో దక్షిణామూర్తి సంస్థలో బాలమందిరమును నెలకొల్పెను. పిల్లలపై ఆయనకు గల వాత్సల్యమును చూచి జనులు ఆయనను ‘మీసములున్న అమ్మ’ అని పిలిచిరి. బాలమందిరము నెలకొల్పిన అయిదేండ్లకే, 1925లో, ఆయన ఉపాధ్యాయుల కొఱకు అధ్యాపన మందిరమును గూడ తెరచుట గమనింపదగినది. మరుసటి సంవత్సరమున తారాబాయి మోదక్ గారితో కలిసి నూతన బాలశిక్షణ సంఘమును స్థాపించెను.

మాంటిసోరి మహాశయురాలు స్వయముగ మన దేశమునకు వచ్చినది 1939లో. దివ్యజ్ఞాన సమాజమువారి యాహ్వానముపై ఆమె మద్రాసు నందలి అడయారు చేరెను. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలో నుండిన కాలమది. దేశపు నలుమూలల నుండి వచ్చిన సుమారు 300 మంది విద్యార్థులకు తాటియాకుల పందిళ్ళ క్రింద తరగతులు జరిగినవి. ఆమె ఇటాలియను భాషలో చెప్పుచుండగా కుమారుడు మారియో ఇంగ్లీషులోనికి మార్చుచుండెను. 1940లో ఇటలీ యుద్ధమున దిగుటతో వారు శత్రుదేశస్థులైరి, మారియోను నిర్బంధించిరి. కాని ఆ యేటి ఆగష్టు 31న ఆమె డెబ్బదవ జన్మదిన సందర్భమున ప్రభుత్వము కుమారుని విడిచిపెట్టెను. యుద్ధము ముగియు వరకు వా రిచ్చటనే యుండి శిక్షణ తరగతులు నడపిరి. ఇట్లు అడయారు తోటలో పాఠములు వినినవారి ద్వారా ఆ విద్య దేశమంతట ప్రాకినది.

శిక్షణ ప్రాకినంత మాత్రమున సమస్య తీరలేదు. ఇచ్చట తారాబాయి మోదక్ గారి అనుభవము మనకు పెద్ద పాఠము. ఆమె పట్టణపు బాలమందిరములను విడిచి, 1945లో బొంబాయికి ఉత్తరమున సముద్రతీరమందలి బోర్డీ గ్రామమునకును, 1957లో వార్లీ గిరిజనులుండు కోస్‌బాడ్ కొండకును తన కార్యక్షేత్రమును మార్చెను. శిష్యురాలు అనుతాయి వాఘ్ ఆమెకు కుడిభుజము. బడి పెట్టిరి, పిల్లలు రాలేదు. మేకలు కాయువారు కొందరు, చెల్లెలి నెత్తుకొని తిరుగువారు కొందరు. అప్పుడు ఆ విదుషీమణులు తాము నేర్చిన శాస్త్రమును తామే సవరించుకొనిరి. పిల్లలు బడికి రానిచో బడియే పిల్లల వాకిటికి పోవలెనని నిశ్చయించి, గూడెములలో ఇండ్ల ముంగిళ్ళలోనే తరగతులు నడపిరి. విదేశములనుండి తెప్పించు ఖరీదైన ఉపకరణములకు మారుగా గులకరాళ్ళు, గింజలు, ఆకులు, పూలు బోధనసామగ్రి యైనవి. ఇంటి ముంగిలికి అచ్చటి భాషలో ‘అంగణ’మని పేరు. నేడు మన యూరూర వినబడు ‘అంగన్‌వాడి’ యను మాటకు పుట్టినిల్లు ఈ కోస్‌బాడ్ ప్రయోగమే. ఎంత చదివినవారైనను పిల్లల యెదుట మరల విద్యార్థులు కావలసినదే యని చెప్పుటకు ఇంతకు మించిన నిదర్శనము లేదు.

మన తెలుగునాట ఈ చరిత్రతో ముడిపడిన పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిది. 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, ఆంధ్ర మహిళాసభను స్థాపించిన ఆ విదుషి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనది. ఆ మండలి 1954లో ప్రారంభించిన గ్రామ సంక్షేమ ప్రణాళికలలో బాల్వాడి ముఖ్యమైన యంగము. బాల్వాడికి గదియు పలకయు దొరకినను, పిల్లలను చూచు మనిషి దొరకుట దుర్లభమని త్వరలోనే తేలినది. గ్రామసేవికలకు శిక్షణ, ఆ పిదప మూడవ పంచవర్ష ప్రణాళికా కాలమున బాలసేవికలకు శిక్షణ, ఇట్లు ఒక్కొక్క మెట్టుగ ఏర్పాటులు జరిగినవి. తుదకు 1975 అక్టోబరు 2వ తేదీన 33 బ్లాకులలో ప్రయోగాత్మకముగ సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ప్రారంభమయ్యెను. అదనపు ఆహారము, టీకాలు, ఆరోగ్య పరీక్ష, రోగులను ఆస్పత్రికి పంపుట, తల్లులకు ఆరోగ్యబోధ, మూడు నుండి ఆరేండ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య, ఈ ఆరు పనులను ఒక్క కేంద్రమునకు అప్పగించిరి. ఆ కేంద్రమును నడపునది ఆ యూరి స్త్రీయే. ఆమెకు ఉద్యోగారంభమున ఒక శిక్షణయు, పిదప రెండేండ్ల కొకసారి పునశ్చరణ శిక్షణయు ఇచ్చు పద్ధతి యేర్పడెను.

పునశ్చరణ యెందులకు? నేర్చినది మరచిపోవుదురనియా? అదొక్కటే కాదు. నేర్చిన విద్యయే కాలక్రమమున మారిపోవును. ఇందుకు మూడు నిదర్శనములు చాలును.

మొదటిది, నీళ్ళ విరేచనములు. బిడ్డకు విరేచనములగుచున్నప్పుడు నీరు పట్టినచో మరింత హెచ్చునని తలచి, దాహముతో అలమటించు బిడ్డ నోటికి నీరందనీయని తల్లులు మన యూళ్ళలో నుండిరి. 1971లో బంగ్లాదేశ యుద్ధమువలన వచ్చిన శరణార్థుల శిబిరమున, పశ్చిమ బెంగాలునందలి బన్‌గాఁవ్‌లో, కలరా చెలరేగెను. సూదిద్వారా ఎక్కించు సెలైను చాలకపోగా, డాక్టరు దిలీప్ మహలనవీస్ గ్లూకోజు, ఉప్పు, సోడా కలిపిన నీటిని రోగుల బంధువులచేతనే త్రాగింపజేసెను. నూటికి 30 వరకు నుండిన మరణములు నాలుగు కంటె తక్కువకు దిగినవి. నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లమునకు లోకమున పేరు తెచ్చిన ఘటనలలో ఇది ముఖ్యమైనది. ఆ పొట్లములోని పాళ్ళు గూడ 2002లో మారినవి. 2004లో దానితోపాటు జింకు మాత్ర నీయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పెను. 1980లో శిక్షణ పొంది, ఆ తరువాత ఏమియు వినని కార్యకర్తకు ఈ మార్పులు ఎట్లు తెలియును?

రెండవది, ఎదుగుదల పటము. బిడ్డను తూచి, ఆ తూనికను గీతలపై గుర్తించి, ఎదుగుచున్నదో లేదో చూచుట అంగన్‌వాడి కేంద్రమున నిత్యకృత్యము. మన దేశము, బ్రెజిలు, ఘనా, నార్వే, ఒమాను, అమెరికా అను ఆరు దేశముల బిడ్డలను పరిశీలించి 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్రొత్త ప్రమాణములను ప్రకటించెను. 2008లో వానిని మన దేశపు అంగన్‌వాడీలలో ప్రవేశపెట్టిరి. ఆడపిల్లల కొక పటము, మగపిల్లల కొక పటము వచ్చినవి. నిన్నటి గీతపై సరిగానున్న బిడ్డ నేటి గీతపై తక్కువగా కనబడవచ్చును. బిడ్డ మారలేదు; కొలత మారినది. కొలత మారిన సంగతి తెలియనిచో ఆకలి గొన్న బిడ్డను ఆరోగ్యవంతుడని వ్రాయుట జరుగును.

మూడవది, నిద్ర. పశ్చిమ దేశములలో 1950 దశకము చివరినుండి చాలకాలము పసిబిడ్డను బోర్ల పరుండబెట్టుట మేలని వైద్యులే చెప్పుచుండిరి. శ్రద్ధగల సంరక్షకులు ఆ మాటనే పాటించిరి. కాని నిద్రలోనే హఠాత్తుగ ప్రాణము పోవు శిశువులలో బోర్ల పరుండిన వారే యెక్కువని తరువాతి పరిశోధనలు తేల్చినవి. ఇంగ్లండులో 1991లోను, అమెరికాలో 1994లోను బిడ్డను వెల్లకిల పరుండబెట్టుడని పెద్ద ప్రచారము సాగినది. అమెరికాలో పది సంవత్సరములలో అట్టి మరణములు సుమారు సగమునకు తగ్గినవి. ఇచ్చట మనము మనస్సున నుంచుకొనవలసిన సంగతి యొకటి కలదు. పాత పద్ధతిని పాటించినవారు నిర్లక్ష్యపరులు కారు, ప్రేమలేనివారును కారు. తాము నేర్చుకొనినదానిని నమ్మకముగ ఆచరించినవారే. ప్రేమ యెంత యున్నను, పాతబడిన జ్ఞానము ప్రాణము తీయగలదు.

ఈ యనుభవములు గల దేశములు శిక్షణను ఏటేట జరుగవలసిన విధిగా శాసనమున చేర్చినవి. అమెరికాలో పేద పిల్లలకై 1965లో ప్రారంభమైన హెడ్ స్టార్ట్ పథకమునకు సంబంధించి 2007లో చేసిన చట్టము, ప్రతి యుపాధ్యాయుడును సంవత్సరమునకు 15 గంటలకు తక్కువ కాకుండ వృత్తిశిక్షణ పొందవలెనని విధించెను. 2014 నాటి మరొక చట్టము, కేంద్ర ధనసహాయము పొందు ప్రతి రాష్ట్రమును శిశుసంరక్షకులకు ఏటేట ఇన్ని గంటల శిక్షణ యుండవలెనని నిర్ణయింపవలసినదని శాసించెను. ప్రథమచికిత్స, ఊపిరాడని బిడ్డను బ్రదికించు విధము, నిద్ర పుచ్చుటలో జాగ్రత్త మొదలైనవి అందు చేరినవి. అచ్చట నివసించు తెలుగువారిలో నెందరో ఉదయముననే తమ బిడ్డలను అట్టి సంరక్షకుల చేతిలో నుంచి పనులకు పోవుచున్నారు. ఆ గంటల లెక్క వారి బిడ్డలకును రక్షయే.

మన దేశమునందును ఈ భావము బలపడుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఇంటర్మీడియెటు వరకు చదివిన అంగన్‌వాడి కార్యకర్తలకు ఆరునెలల శిక్షణను, అంతకు తక్కువ చదివినవారికి ఒక సంవత్సరపు శిక్షణను సూచించెను. 2023లో కేంద్ర ప్రభుత్వము పోషణతోపాటు చదువును గూడ నేర్పుటకై దేశమందలి కార్యకర్తలకు శిక్షణోద్యమము నారంభించెను.

ఐనను, చరిత్రను చదివినవారు ఒక హెచ్చరిక చేయక మానరాదు. శిక్షణ యనునది హాజరు పట్టీలో సంతకముగ మారినచో దానివలన ఎవరికిని లాభము లేదు. ఎండలో బస్సెక్కి మండల కేంద్రమునకు వచ్చి, పొద్దంతయు కూర్చుండి, పెద్దల యుపన్యాసములను విని, ఒక్క ప్రశ్నయైన అడుగక తిరిగిపోవు కార్యకర్తకు మిగులునది అలసట మాత్రమే. ఆమె వచ్చిన దినమున ఆమె కేంద్రమును చూచువారెవరు? ఆమె దారిబత్తె మెవరిచ్చెదరు? వంట, తూనిక, టీకా, లెక్కలు, ఇండ్లు తిరుగుట యను పనులు తలమీద నుండగా, నేర్చినదానిని ఆచరించుటకు ఆమెకు వ్యవధి ఏది? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పకుండ శిక్షణ గంటలను మాత్రము పెంచుట, ఎరువు వేయక పంటను గద్దించుట వంటిది.

మార్గరెట్ మెక్‌మిలన్ మూడేండ్ల శిక్షణను కోరినప్పుడు, ఆ పనికి తగిన స్థానమును గూడ కోరెను. ఓబర్లిన్ సారా బాంజేకు మొదట జీత మేర్పరచెను. శిక్షణయు గౌరవమును జంటగ నడచినవి. మన దేశమున అంగన్‌వాడి కార్యకర్త పొందుచున్నది చిరకాలముగ ‘గౌరవవేతన’ మనబడుచున్నది. 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు, ఆ పేరు పెట్టినను అది వేతనమే యనియు, కార్యకర్తలకును సహాయకురాండ్రకును గ్రాట్యుయిటీ చట్టము వర్తించుననియు తీర్పు చెప్పెను. ఇంతకాలము సేవ యనబడిన పని వృత్తియే యని న్యాయస్థానము చెప్పిన మాట యిది. వృత్తియైనప్పుడు దానికి నిత్యశిక్షణయు కావలెను, తగిన ప్రతిఫలమును కావలెను. ఒకటి యడిగి రెండవది యీయకుండుట న్యాయము కాదు.

మొదట వేసికొనిన ప్రశ్నకు మరల వత్తము. ఇరువదియేండ్ల యనుభవము గల స్త్రీని శిక్షణకు పిలుచుట ఆమెను కించపరచుట యగునా? వైద్యుడు క్రొత్త మందులను గూర్చి చదువుకొనుట తన కవమానమని తలచునా? తారాబాయి వంటి విదుషి వార్లీ గూడెమున మరల మొదటి పాఠము నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు. పిలిచెడి తీరులో మాత్రము భేదముండవలెను. ‘నీకు తెలియదు, రమ్ము’ అని పిలుచుట వేరు. ‘నీవు చూచినది మాకు చెప్పుము, మేము క్రొత్తగ తెలిసికొనినది నీకు చెప్పుదుము’ అని పిలుచుట వేరు. మొదటి పిలుపునకు సంతకము వచ్చును. రెండవ పిలుపునకు మనిషి వచ్చును.

రేపటి యుదయమున మన వీధి చివర నున్న అంగన్‌వాడిలో ఒక బిడ్డ త్రాసు నెక్కును. ఆ త్రాసు ముల్లు చూపునది సరిగ చదువగల కన్నులు ఆ కేంద్రమున నుండవలెను. ఆ కన్నులకు వెలుగు తరుగకుండ చూచు బాధ్యత ఆ కార్యకర్త యొక్కతెది గాదు, మన యందరిది.